ఖాళీ గడిలో ఎవరి మాట? - డేటాబేస్ ఫారాల్లో డిఫాల్ట్ విలువలపై ఒక విమర్శ

"కంప్యూటర్‌కు కులమేముంటది సార్?" అని ఈ మధ్య ఒక విద్యార్థి మమ్మల్ని అడిగాడు. నిజమే, యంత్రానికి కులం లేదు. కానీ ఆ యంత్రంలో కనిపించే ఫారాన్ని ఒకరు రాస్తారు. ఫారంలో ఏ గడులుండాలో, ఎవరూ ఏమీ రాయకపోతే ఆ గడిలో ఏం పడాలో ఆ రాసేవాళ్లే ముందుగా నిర్ణయిస్తారు. ఇట్లా ముందే పెట్టి ఉంచే జవాబును ప్రోగ్రామర్లు 'డిఫాల్ట్ వాల్యూ' అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఇది పని తగ్గించే సదుపాయంగా ఒకటి రెండు పేజీల్లో వచ్చి పోతుంది. విద్యార్థులూ అట్లాగే నేర్చుకుంటారు, ఉద్యోగాల్లో అట్లాగే వాడతారు. ఆ ఒకటి రెండు పేజీల వెనక ఉన్న రాజకీయాన్ని దళిత దృష్టితో చదవాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం. ఈ విమర్శను ముందుగా మా మీద మేమే చేసుకుంటున్నాం. ఎందుకంటే ఆ తప్పు మేమూ చేశాం.

మా తప్పుతోనే మొదలు

కొన్నేళ్ల కింద తెలంగాణలో ఒక ఊళ్లో దళిత కుటుంబాల ఇంటింటి సర్వే చేశాం. కాగితాల మీద రాసుకొచ్చిన వివరాలను మైక్రోసాఫ్ట్ అక్సెస్‌లో ఎక్కించడానికి మేమే ఒక ఫారం తయారు చేసుకున్నాం. కాగితాలు వాడల వారీగా, వరుసగా ఉన్నాయి. ప్రతి ఇంటికీ ఊరు, మండలం, వాడ, కులం మళ్లీ మళ్లీ కొట్టడం దండగనిపించింది. అందుకని ఒక చిన్న కోడ్ రాశాం. ఒక గడిలో ఏ విలువ కొడితే, ఆ తర్వాత వచ్చే కొత్త రికార్డులో అదే గడికి అదే విలువ తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. పని చకచకా సాగింది. మాకు మేమే భుజాలు చరుచుకున్నాం.

తర్వాత ఆ జాబితాను అచ్చు తీసి, వాడలో చెట్టు కింద కూర్చుని, పేరు పేరునా చదివి వినిపించాం. మాదిగవాడకు ఎడంగా గుడిసె వేసుకుని ఉంటున్న డక్కలి ముసలాయన లేచి నిలబడ్డాడు. "మమ్ముల మాదిగోళ్లను జేసిండ్రు గదా బిడ్డా! గిప్పుడు వాళ్లకు జాంబపురాణం ఎవలు జెప్పాలె?" అన్నాడు. అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

తిరిగొచ్చి కాగితం తీసి చూశాం. ఆయన ఇంటి ఫారంలో కులం గడి ఖాళీగా ఉంది. రాయడానికి వెళ్లిన మా కార్యకర్త అడగడానికి మొహమాటపడ్డాడో, చీకటి పడిందని తొందరపడ్డాడో, రాయలేదు. కాగితం మీద ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. 'ఇక్కడ ఎవరూ అడగలేదు' అని అది నిజాయితీగా చెప్తోంది. కంప్యూటర్‌లోకి వచ్చేసరికి మాత్రం అందులో పక్కింటి కులం వచ్చి చేరింది. మాదిగల వంశావళిని తరతరాలుగా నోటికి చెప్పే డక్కలి మనిషిని, మేం రాసిన ఒక్క వాక్యం మాదిగలలో కలిపేసింది. అది అబద్ధమని చెప్పే ఆనవాలు ఆ టేబుల్‌లో ఎక్కడా లేదు. కొట్టిన విలువా, దానంతటది పడిన విలువా అక్కడ అచ్చం ఒకేలా ఉంటాయి.

మా విమర్శకు మూలం ఇదే. డిఫాల్ట్ అంటే ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరి జవాబుగా నమోదు చేయడం.

అది ఎట్లా పని చేస్తుంది?

ఈ పత్రిక పాఠకుల్లో చాలామంది ప్రోగ్రామర్లు కారు. అయినా ఇది తెలుసుకోవాలి. చట్టం చదవకుండా కేసు కొట్లాడలేం కదా!

డిఫాల్ట్ విలువను మూడు చోట్ల పెట్టొచ్చు. మొదటిది టేబుల్. టేబుల్‌ను నిర్మించేటప్పుడే ఫలానా గడికి ఏమీ ఇవ్వకపోతే ఫలానా విలువ వేయమని చెప్పొచ్చు. రెండోది ఫారం. తెర మీద కనిపించే గడికి దాని సొంత డిఫాల్ట్ ఉండొచ్చు. అక్సెస్‌లో ఫారం ద్వారా కొత్త రికార్డు ఎక్కిస్తే టేబుల్‌లో ఉన్న దానికంటే ఫారంలో ఉన్నదే నెగ్గుతుంది. మూడోది కోడ్. ఆపరేటర్ ఒక గడిని మార్చిన వెంటనే నడిచే 'ఆఫ్టర్ అప్‌డేట్' అనే ఘట్టంలో, 'ఇప్పుడు ఇందులో ఉన్నదాన్నే ఇకముందు ఈ గడికి డిఫాల్ట్‌గా తీసుకో' అని ఒక్క వాక్యం రాస్తే చాలు. మేం రాసింది ఇదే.

ఈ మూడో పద్ధతిలో ఒక విశేషముంది. ఫారం నడుస్తుండగా కోడ్ పెట్టిన డిఫాల్ట్, ఫారం మూసేయగానే పోతుంది. తర్వాత ఎవరైనా తనిఖీకి వచ్చి ఫారం డిజైన్ తెరిచి చూస్తే డిఫాల్ట్ దగ్గర ఏమీ కనిపించదు. ఆధారం కోడ్ పేజీలో మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఫారం నమూనా చూపించి "చూడండి, మేమేమీ పెట్టలేదు" అనే వాళ్ల మాట నమ్మి ఊరుకోవద్దు. కోడ్ కూడా చూపించమని అడగాలి.

ఇంకొక సంగతి. డిఫాల్ట్ ఇవ్వడం వేరు, కోడ్ ద్వారా నేరుగా గడిలో విలువ పెట్టేయడం వేరు. డిఫాల్ట్ మాత్రమే ఇస్తే, ఆపరేటర్ ఏదో ఒక గడిలో కొట్టడం మొదలుపెట్టేదాకా రికార్డు పుట్టదు. అట్లా కాకుండా కొత్త రికార్డు తెర మీదికి రాగానే కోడ్ నేరుగా విలువ నింపేస్తే, ఆపరేటర్ ఊరికే తెరిచి చూసి పక్కకు జరిగినా ఒక రికార్డు భద్రమైపోవచ్చు. పేరు తప్పనిసరి అనే నియమం లేకపోతే, పేరు లేని, ఇల్లు లేని, కులం మాత్రం ఉన్న మనిషి ఒకడు లెక్కల్లో పుడతాడు. బతికున్న వాళ్లు లెక్కలో లేకపోవడం మనకు అలవాటే. అసలు లేని మనిషి లెక్కలోకి రావడం కూడా ఉందని గుర్తుంచుకోవాలి.

ఊరూ వాడా విడిగా ఉన్నంతకాలం

ముందటి ఇంటి విలువను తర్వాతి ఇంటికి మోసుకెళ్లే కోడ్ మాకు అంత బాగా ఎందుకు పనిచేసిందని తర్వాత ఆలోచించాం. జవాబు కోడ్‌లో లేదు, ఊరిలో ఉంది. మన ఊళ్లు కులాల వారీగా కట్టినవి. మాలవాడలో వరుసగా మాలలు, మాదిగవాడలో వరుసగా మాదిగలు, ఊళ్లో ఊరివాళ్లు. ఒక ఇంటి కులం తెలిస్తే పక్కింటి కులం చాలావరకు ఊహించొచ్చు. అంటే అంటరానితనం ఊరిని ఎంత గట్టిగా విడదీస్తే ఈ కోడ్ అంత చక్కగా నడుస్తుంది. మా 'సదుపాయం' వెలివాడ పునాది మీద నిలబడింది. ఈ సంగతి మాకు తట్టడానికి డక్కలి పెద్దమనిషి లేచి నిలబడాల్సి వచ్చింది.

ఇందులో నష్టపోయేది ఎవరు? ప్రతి వాడలో ఎక్కువమంది ఉన్న కులం వైపే కోడ్ మొగ్గుతుంది. ఒకటి రెండు ఇళ్లుగా చెదిరి ఉన్న డక్కలి, మాష్టి, చిందు, బైండ్ల లాంటి వాళ్లు పెద్ద కులంలో కరిగిపోతారు. ఇది చిన్న విషయం కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. 2025లో తెలంగాణ 59 ఎస్సీ కులాలను 3 గ్రూపులుగా చేసి, 15 శాతాన్ని 1, 9, 5గా పంచుతూ చట్టం అమల్లోకి తెచ్చింది. ఇట్లాంటి పంపకాలకు ఆధారం లెక్కలే. వర్గీకరణను సమర్థించే వాళ్లయినా, వ్యతిరేకించే వాళ్లయినా ఒక్క విషయంలో ఏకం కావాలి. ఎవరు ఎంతమంది అన్న లెక్కలో ఏ ఒక్క ఇల్లూ పక్కింటి నీడలో పడకూడదు.

సున్నాకూ ఖాళీకీ మధ్య

డేటాబేస్ శాస్త్రంలో 'నల్' అనే ఒక భావన ఉంది. 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్ తర్వాతి రచనల్లో దీన్ని విపులంగా చర్చించాడు. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరం కూడా కాదు. 'ఇక్కడ విలువ లేదు' అని చెప్పే గుర్తు. మన ఉద్యమానికి ఇంతకంటే దగ్గరి భావన ఆ శాస్త్రంలో మరొకటి లేదంటాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చేతులతో మలం ఎత్తే పనిలో ఎంతమంది ఉన్నారని నాలుగు ఊళ్లను అడిగామనుకోండి. ఒక ఊరు 3 అంది, ఒక ఊరు 5 అంది. రెండు ఊళ్లు జవాబే ఇవ్వలేదు. ఖాళీని ఖాళీగా ఉంచితే సగటు 4 వస్తుంది, రెండు ఊళ్లు ఇంకా చెప్పలేదన్న సంగతీ తెలుస్తుంది. అదే గడికి 0 డిఫాల్ట్‌గా ఉంటే సగటు 2కు పడిపోతుంది. పైగా నాలుగు ఊళ్లూ జవాబిచ్చినట్టు, రెండు ఊళ్లలో ఆ పనే లేనట్టు నివేదిక తయారవుతుంది. అక్సెస్ పాత వెర్షన్లలో టేబుల్ డిజైన్‌లో అంకెల గడి పెడితే చాలు, ఎవరూ చెప్పకుండానే దానికి 0 డిఫాల్ట్‌గా వచ్చేది. దాన్ని చెరపాలని తెలిసినవాళ్లే చెరిపేవాళ్లు.

ఈ సున్నా మనకు కొత్త కాదు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ మొదలైన వాళ్లు నిర్మించిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్తే, చాలా రాష్ట్రాలు మా దగ్గర ఆ పనే లేదని చెప్పుకొచ్చాయి. కార్యకర్తలు ఊరూరా తిరిగి, ఫొటోలు తీసి, పేర్లు రాసుకుని, ఆ 'లేదు'ను అబద్ధమని రుజువు చేయాల్సి వచ్చింది. 2014 మార్చి 27 నాటి తీర్పుదాకా ఆ కొట్లాట నడిచింది. ఆ 'లేదు' కంప్యూటర్ పుట్టించింది కాదు, అధికారులు చెప్పింది. మేం చెప్పేదేమంటే, వెతకకుండానే లేదనడం అధికారులకు ఒక అలవాటు. డిఫాల్ట్ సున్నా ఆ అలవాటును యంత్రానికి నేర్పుతుంది. అధికారి అబద్ధం ఆడితే సంతకమైనా ఉంటుంది. డిఫాల్ట్‌కు సంతకం కూడా ఉండదు.

ఎస్‌క్యూఎల్ భాషలో గమనించదగ్గ తేడా ఒకటుంది. రికార్డు ఎక్కించేటప్పుడు ఒక గడి ప్రస్తావనే తేకపోతే డిఫాల్ట్ పడుతుంది. 'ఇది నల్' అని స్పష్టంగా చెప్తే, నల్ కుదరదనే నియమం లేనంతవరకు, నల్లే పడుతుంది. అంటే మాట్లాడకపోవడం వేరు, తెలియదని చెప్పడం వేరు అని ఆ భాషకు తెలుసు. తెలియనిది ఫారాలు రాసే మనకే.

మతం గడి: ఒక చిక్కు ప్రశ్న

మతం అన్న గడిలో 'హిందూ' అని ముందే పడి ఉన్న ఫారాలు మనలో చాలామంది చూసే ఉంటారు. "అందరూ వాళ్లే కదా, ఎందుకు కొట్టించడం?" అంటారు. ఇది మామూలు మాటలా వినిపిస్తుంది. కానీ 1935లో యేవలాలో అంబేద్కర్ హిందువుగా చావనని ప్రకటించిందీ, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నదీ ఈ 'అందరూ వాళ్లే' అన్న లెక్కకు ఎదురు తిరగడమే.

అయితే మనవాళ్లలోనే కొందరు వేరే వాదన చేస్తారు. దాన్ని కొట్టిపారేయలేం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రధానంగా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు నేటికీ బయటే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సీలో పెట్టి 1 శాతం చూపించారు. కాబట్టి చర్చికి వెళ్లే మాల, మాదిగ కుటుంబానికి 'హిందూ' అని దానంతటది పడే గడి ఒక రక్షణ. "మేం అబద్ధం చెప్పలేదు, ఫారమే చెప్పింది" అనుకోవచ్చు. పిల్లవాడి హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు దాని మీదే ఆధారపడి ఉంటే, "నిజం రాయి" అని నీతులు చెప్పే అర్హత మాకు లేదు.

మా జవాబు ఇది. ఒక మనిషి అన్నీ ఆలోచించుకుని తన చేత్తో 'హిందూ' అని రాస్తే అది అతని నిర్ణయం. ఆ నిర్ణయానికి అతన్ని నెట్టిన చట్టాన్ని మనం ప్రశ్నించొచ్చు. అదే మాట కోడ్ రాస్తే ప్రశ్నించడానికి ఏమీ మిగలదు. రేపు దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కావాలని అడిగితే "మీరెంతమంది? లెక్కల్లో లేరే!" అంటారు. ఇవాళ దాచిపెట్టిన గడే రేపు మనకు ఎదురు సాక్ష్యం చెప్తుంది.

కంప్యూటర్ కంటే ముందు

డిఫాల్ట్‌ను కంప్యూటర్ కనిపెట్టలేదు. మన ఊళ్లలో ఒక తరమంతా జూన్‌లోనో జూలైలోనో ఒకటో తారీఖున పుట్టినట్టు బడి రికార్డుల్లో ఎందుకుంది? బడిలో చేర్చుకున్నప్పుడు పంతులు రాసిన తేదీ అది. కూలికి పోయిన తల్లిని అడిగిన వాళ్లు లేరు. అడిగితే ఆమె వానాకాలమో, ఫలానా జాతర ముందరో చెప్పి ఉండేది. దళిత ఆడమనిషి వృత్తి గడిలో 'గృహిణి' అని పడేది కూడా ఇట్లాగే. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నాట్లు వేసే మనిషి కాగితం మీద ఇంట్లో కూర్చుంటుంది.

దీన్ని మనవాళ్లు ఎదిరించిన చరిత్ర కూడా ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన 'పంచమ' సభగా పిలిచిన మహాసభ, ఆ పేరును తోసిపుచ్చి తనను తాను 'ఆది ఆంధ్ర' మహాసభగా ప్రకటించుకుంది. పక్కవాళ్లు పెట్టిన పేరును చెరిపి, తమ పేరు తాము రాసుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను ఆమోదించాల్సి వచ్చింది. 1931 జనాభా లెక్కల్లో పంజాబ్‌లో 4 లక్షల పైచిలుకు మంది తమ మతం 'ఆద్ ధర్మ్' అని రాయించుకున్నారు. గడి మీద కొట్లాట మనకు వందేళ్ల నాటిది.

ఆపరేటర్ మీద నేరం వద్దు

ఇంతా చెప్పి తప్పును డేటా ఎంట్రీ ఆపరేటర్ల మీదికి తోస్తే అది ఇంకో అన్యాయం. ఆ కుర్చీల్లో కూర్చున్న వాళ్లలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. డిగ్రీ చదివి, ఫారానికి ఇంత అని కూలి లెక్కన కొడుతున్నారు. ఒక్కో గడి తగ్గితే వాళ్ల వేళ్లకు అంత విశ్రాంతి. డిఫాల్ట్‌లన్నీ తీసేయమని మేం అనడం లేదు. ఎక్కించిన తేదీ, మండలం పేరు, ఆపరేటర్ పేరు, కట్ట నంబరు, వీటికి డిఫాల్ట్ ఉండాల్సిందే. మేం పెట్టే గీత ఒక్కటే. కాగితం గురించిన గడికి డిఫాల్ట్ పెట్టొచ్చు, మనిషి గురించిన గడికి పెట్టకూడదు. మనిషి గడులు పెరిగితే దానికి తగ్గట్టు ఆపరేటర్ కూలి పెంచాలి. కచ్చితత్వం ఖర్చును కూలీ మోయకూడదు.

ఏం చేయాలి?

తెలంగాణలో 2024 చివర ఇంటింటి కుల సర్వే జరిగింది. కాగితాల మీద రాసి తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించారు. 2027 జనాభా లెక్కల్లో కులం కూడా రాస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఇవి కాక హాస్టళ్ల జాబితాలు, ఉపాధి కూలీల జాబితాలు, మనం స్వయంగా చేసే సర్వేలు ఎన్నో ఉన్నాయి. వీటన్నిటికీ వర్తించేలా కొన్ని సూచనలు చేస్తున్నాం.

ఒకటి. కులం, ఉపకులం, మతం, వృత్తి, లింగం, చదువు గడులు ఖాళీగా తెరుచుకోవాలి. 'చెప్పలేదు', 'అడగలేదు', 'వర్తించదు' అన్నవి వేర్వేరు జవాబులుగా ఉండాలి. వాటిని కూడా మనిషే ఎంచుకోవాలి.

రెండు. ప్రతి విలువ ఎట్లా వచ్చిందో పక్కన నమోదు కావాలి. ఇది కుదరని పని కాదు. ఆధార్ నమోదులో పుట్టిన తేదీకి రుజువైనది, చెప్పినది, ఉజ్జాయింపు అని మూడు రకాలు పెట్టారు. తేదీకి చేయగలిగింది కులానికి, వృత్తికి ఎందుకు చేయలేరు?

మూడు. పాత టేబుల్‌కు కొత్త గడి చేర్చేటప్పుడు 'ఖాళీ కుదరదు' అని నియమం పెట్టి డిఫాల్ట్ ఇస్తే, పాత రికార్డులన్నిటిలో ఆ విలువ ఒక్కసారిగా పడిపోతుంది. ఎన్నడూ అడగని ప్రశ్నకు ఊరంతా ఒకే జవాబు చెప్పినట్టవుతుంది. మనిషి గడుల విషయంలో ఇది జరగకూడదు.

నాలుగు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఫారం నమూనాతో పాటు, ఏ గడికి ఏ డిఫాల్ట్ ఉందో, కోడ్ ద్వారా ఏం పెడుతున్నారో అడగాలి. ఒకే విలువ వరుసగా వందల రికార్డుల్లో కనిపిస్తే ఆ కాగితాలు తీయించి సరిచూడమనాలి.

ఐదు. ఎక్కించిన జాబితాను వాడలో చదివి వినిపించాలి. దీన్ని మించిన తనిఖీ మాకు దొరకలేదు.

కంప్యూటర్ నేర్చుకుంటున్న విద్యార్థులకు ఒక మాట. మీరు రాసిన ఫారం తెరిచి, ఏమీ కొట్టకుండా ఒక కొత్త రికార్డు తెర మీదికి తెచ్చి చూడండి. ఎవరూ నోరు తెరవకముందే అందులో ఏ కులం, ఏ మతం, ఏ వృత్తి మనిషి కూర్చుని ఉన్నాడో చూడండి. ఎవరైనా కూర్చుని ఉంటే లేపండి.

మా సంగతికొస్తే, కులం గడి నుంచి ఆ వాక్యం తీసేశాం. ఆ కట్టలోని కాగితాలన్నీ మళ్లీ తీసి, ఖాళీగా ఉన్న ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లాం. డక్కలి పెద్దమనిషి గుడిసె ముందు కూర్చుని, ఈసారి అడిగి రాసుకున్నాం. "ముందుగాల్నే అడిగితే అయిపోవు గదా" అన్నాడాయన. ఈ వ్యాసమంతా కలిపినా మేం చెప్పగలిగింది ఆ మాటకు మించి లేదు.